పాట ఆగితే లాగెయ్యి

విశ్వాసం పాడితే రాగం ఒక దారిన, ఆయన ఒక దారిన పోతారు. చర్చిలో పాస్టరుగారే ఆయన్ను నైసుగా వెనక బెంచీకి పంపేవారు. ఒకప్పుడు ఆయన ప్రాణం నిలిచింది ఆ గొంతు వల్లనే అంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. కూతురు ఫెబీ మాత్రం నవ్వదు. ఆ కథ ఎన్నిసార్లు విన్నా ఆమెకు తనివి తీరదు.

మార్కాపురం పలకల గనుల్లో విశ్వాసం గుంతలోకి దిగి రాయి తీసేవాడు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ రాతిపలక మీదే అ ఆ లు దిద్దుకునే రోజులవి. గుంత ఇరుకు. గట్టు మీద ఉన్నవాడికి కింద ఉన్నవాడు కనిపించడు. అందుకని నడుముకు తాడు కట్టుకుని, దేవుడి పాటలు పాడుకుంటూ పని చేసేవాడు. పైన తాడు పట్టుకునేది రాచర్ల ఇమ్మానుయేలు. పాట వినపడుతున్నంతసేపూ అంతా క్షేమం. ఆగిందా, కారణం అడగకుండా లాగెయ్యాలి. అదీ ఆ ఇద్దరి కట్టుబాటు.

ఒక మధ్యాహ్నం విశ్వాసం కిందనే సద్దిమూట విప్పి, కళ్ళు మూసుకుని మనసులోనే ప్రార్థన మొదలుపెట్టాడు. పాట ఆగింది. ఆమెన్ అనేలోపే మనిషి గాలిలోకి లేచాడు. సద్ది గుంతలోనే ఉండిపోయింది.

"ఏంది బావా ఇది! దేవునితో మాట్లాడుకోనియ్యవా?"

"గట్టిగా మాట్లాడు. నాక్కూడా ఇనపడాల" అన్నాడు ఇమ్మానుయేలు.

గనంతా పడీ పడీ నవ్వింది. ఇంకోసారి లాగబోయేముందు పిలిచి చూడమని విశ్వాసం గట్టిగానే చెప్పాడు. ఇమ్మానుయేలు ఆ మాట చెవిన పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది. రాయి పగలగొట్టేందుకు తూటాలు పేల్చిన పొగ పూర్తిగా పోకముందే విశ్వాసం దిగిన రోజున పాట సగంలో ఆగింది. ఇమ్మానుయేలు పిలవలేదు, తటపటాయించలేదు, లాగాడు. పైకొచ్చిన మనిషికి స్పృహ లేదు. నీళ్ళు చల్లి విసరగా విసరగా చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

మరుసటి ఏడాది ఇమ్మానుయేలు తన చెల్లెలు సామ్రాజ్యాన్ని ఆయనకే ఇచ్చి పెళ్ళి చేశాడు. "రెండుసార్లు లాగినోణ్ణి, ఇంగ ఒదుల్తానా?" అనేవాడు. వాళ్ళ బిడ్డే ఫెబీ.

ఇప్పుడు ఇమ్మానుయేలు లేడు, సామ్రాజ్యమూ లేదు. ఆ గుంత నిండా నీళ్ళు, గట్టంతా సర్కారు తుమ్మ. ఛాతీలో చేరిన పలకదుమ్ము మాత్రం విశ్వాసాన్ని వదల్లేదు. వసారాలో మంచం మీద కూర్చుని ఆయన పాడుకుంటుంటే ఫెబీ లోపలి గదిలో కంప్యూటరు ముందు పని చేసుకుంటుంది. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని గనుల దాకా తిప్పిన మామ గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఆమె ఉద్యోగం క్రిప్టో నాణేలు కొని అమ్మే ఒక ఎక్స్ఛేంజీలో. ఫలానా ధర వస్తే కొంటాం, ఫలానా ధరకు అమ్ముతాం అని జనం అక్కడ ఆర్డర్లు పెట్టి ఉంచుతారు. వాళ్ళ కంప్యూటరు 'నేనున్నా' అని మాటిమాటికీ సంకేతం పంపుతుండాలి. సంకేతం ఆగిపోతే, ఇంకా బేరం తెగని ఆర్డర్లన్నీ ఎక్స్ఛేంజీయే దానంతటదే రద్దు చేస్తుంది. మనిషి అందుబాటులో లేనప్పుడు ధర తలకిందులైతే పాత ఆర్డర్లు అతణ్ణి ముంచకుండా ఈ కాపలా. దాన్ని రాసింది ఫెబీయే. రాస్తున్నంతసేపూ ఆమె చెవిలో ఎవరి మాట మోగిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. నెట్ కాసేపు పోయినందుకే ఆర్డర్లు రద్దయ్యాయని కొందరు తిట్టిపోశారు. ఆ ఉదయం హైదరాబాదు నుంచి పై అధికారి మహేష్ కాల్‌లోకి వచ్చాడు.

"ఏమీ జరక్కపోయినా రద్దు చేసేస్తున్నామమ్మా. ఇకమీద హెచ్చరిక పంపి ఊరుకుందాం. ఈ రోజే మార్చెయ్."

ఫెబీకి ఒళ్ళు మండింది. "నెట్ లేనోళ్ళకు హెచ్చరిక ఎట్ల అందుతాది సార్?"

"అది వాళ్ళు చూసుకుంటారులే. నువ్వు..."

వసారాలో పాట ఆగింది.

ఫెబీ కుర్చీ వెనక్కి నెట్టి పరుగెత్తింది. విశ్వాసం తల వాల్చి కూర్చుని ఉన్నాడు, కళ్ళు మూతలు పడి ఉన్నాయి.

"నాయనా!" భుజాలు పట్టుకుని కుదిపేసింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా పళ్ళెంలో ఇడ్లీలు. "ఏందమ్మా, ప్రార్థన కూడా చేసుకోనియ్యవా? అచ్చం మీ మామే!"

ఫెబీకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "గట్టిగా చేసుకో నాయనా. నాక్కూడా ఇనపడాల" అంది.

తిరిగి వచ్చేసరికి మహేష్ ఇంకా కాల్‌లోనే ఉన్నాడు. "ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు సార్. మా నాయన పాట ఆగింది, పోయినాను. ఏమీ కాలేదని పోయినాకే గదా తెలిసింది." కళ్ళు తుడుచుకుంది. "ఆ రద్దు నేను తీయను సార్. తీయాల్నంటే ఇంకొకరితో తీయించుకోండి."

అంతలో వసారాలో పాట మళ్ళీ మొదలై, కాల్‌లోకి కూడా వచ్చేసింది.

"పాడేది మీ నాన్నగారా? రాగం కొంచెం..."

"తెలుసు సార్."

మహేష్ నవ్వాడు. "సరే, ఉంచు. తిట్లేవో నేను పడతాను. ఇక మిగతా పని మాట్లాడుకుందామా?"

ఫెబీ ఒక్క క్షణం చెవి వసారా వైపు పెట్టింది.

"చెప్పండి సార్," అంది, "పాట ఇనపడ్తాంది."