పేజీకి నాలుగు మాటలు

పామిడిలో నైటీలు కుట్టే మదీనాబీకి కుదురు తక్కువ. పుస్తకం చదువుతూ కూడా కాలు ఆడిస్తూనే ఉంటుంది. ఈమధ్య అచ్చు అక్షరాలు అలుక్కుపోతుంటే ఈ-బుక్ రీడర్ కొందామని అనంతపురం వెళ్లింది. దుకాణంలో కళ్లద్దాలు తీస్తూ, పెడుతూ, ఒక రీడర్ బరువంది, ఇంకొకటి వెలుతురు కళ్లలో కొడుతోందంది. మూడోదానిలో దుకాణదారు ఎర్రిస్వామి అక్షరాలు పెంచుతూ పోయాడు. చివరికి పేజీకి నాలుగు మాటలే మిగిలాయి.

"ఇంగా పెద్దగ చెయ్యప్పా."

"ఇంతేక్కా. దీనికంటే పెద్దగ రావు."

ఆమె దాన్ని వాకిలి దగ్గరికి, ఎండ వెలుగులోకి తీసుకుపోయింది. అక్కడా మసకే. లోపం దానిలో లేదని, తన కళ్లలోనే ఉందని అర్థమైంది. కాసేపు అక్కడే నిలబడి, తిరిగొచ్చి దాన్ని బల్లమీద పెట్టింది.

"అట్లయితే చదివి వినిపించేది ఉంటే చూపించప్పా. కథ సగంలో ఉండాది."