పెట్టడం వరకే

పోయిన వారం మా బ్లాకు కింద, వానకి తడిసిన మెట్ల మీద జారి కుడి చేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. మోచేతి దాకా పిండికట్టు వేసి పంపించారు. చెయ్యి విరిగినందుకు కంటే, అన్నం ఎలా కలుపుకోవాలా అన్నదే నాకు పెద్ద బెంగ అయిపోయింది. ఆ సాయంత్రం పాలిటెక్నిక్ నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు సోఫాలో పడేసి, చేతులు కడుక్కుని, పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ఒక చెంచా కూడా వేసి కంచం నా ముందు పెట్టింది. తరవాత తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, నా వంక కన్నెత్తైనా చూడకుండా తినడం మొదలుపెట్టింది. నిజం చెప్పొద్దూ, నేను నోరు కాస్త తెరుచుకునే కూర్చున్నాను. కన్నకూతురు కదా, ఒక్క ముద్ద నోట్లో పెట్టకపోతుందా అని ఆశ. "పెట్టేశా కదమ్మా. యూ ఈట్ లాహ్," అంది తల ఎత్తకుండానే. ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆ మాట దానిది కాదని నాకు తెలుసు. అది హౌగాంగ్ డాక్టరమ్మ మాట.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో, ఆవిడ క్లినిక్కు హౌగాంగ్ అనే పేటలో ఒక పాత అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద, బ్రెడ్డు కొట్టుకీ జుట్టు కత్తిరించే షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపల కూర్చుంటే ఒక పక్క నుంచి వెన్న వాసన, ఇంకో పక్క నుంచి షాంపూ వాసన. అప్పట్లో నేను చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో చేస్తున్నాను. మధ్యాహ్నం లిఫ్టు దగ్గర ఎవరో తెలుగావిడ, పిల్లల డాక్టరు ఒకావిడ ఉంది, తెలుగు మాట్లాడుతుంది అంటే, పాపని ఎత్తుకుని మా అత్తయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్ల జుట్టు, బాతిక్ అద్దకం చొక్కా, కాళ్ళకి పరుగు బూట్లు. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చేశారట. ఆవిడ తెలుగంతా అవ్వ ఒళ్ళో నేర్చుకున్నదే, చదవడం రాయడం రాదు. ఆ తెలుగులో సగం అరవం, పావు మలయ్ కలిసి ఉండేవి. మొదటిసారే పాప పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "గుంట బావుంది," అంది. మాది గుంటూరు వైపు. మా ప్రాంతంలో గుంట అంటే రోడ్డు మీద బండి పడేది. బయటికి రాగానే అత్తయ్యగారు మొహం మాడ్చుకుని, "ఏందమ్మాయ్, బంగారం లాంటి పిల్లని పట్టుకుని గుంటంటుందేందీ?" అన్నారు. వాళ్ళ వైపు ఆడపిల్లని అలాగే ముద్దుగా అంటారని మావారు ఎవరినో కనుక్కుని చెబితే గాని ఆవిడ శాంతించలేదు.

ఆ డాక్టరమ్మ దగ్గర మందులు తక్కువ, మాటలు ఎక్కువ. ఆ మాటలైనా పుస్తకంలో మాటల్లా ఉండేవి కావు. పాపకి జ్వరమని నేను థర్మామీటరులో అంకెలు చదువుతుంటే ఆవిడ వినేది కాదు. ఆడుతోందా, నీళ్ళు తాగుతోందా, ఒంటేలుకి వెళ్తోందా అని అడిగేది. నెలల పిల్లయితే అంకె చూసి పరిగెత్తుకు రండి, ఇంత పిల్లయితే ముందు పిల్లని చూడండి, ఆ గాజు పుల్ల తరవాత చూద్దురు అనేది. తలంటు పోసేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేస్తున్నామని తెలిసి, మా అత్తయ్యగారిని ఏమీ అనకుండా, "అవ్వా, నూనె వంటికి మంచిది, ముక్కుకి వద్దు. ఊపిరితిత్తిలోకి ఎల్లిపోద్ది," అని మెల్లగా చెప్పి, కాళ్ళకి ఎలా మర్దన చేస్తారో చూపించమని అడిగింది. ఆవిడ చూపిస్తుంటే డాక్టరమ్మ చేతులు కట్టుకుని శ్రద్ధగా చూసింది. అది నటన కాదు. ఆ రోజు నుంచి అత్తయ్యగారికి గుంట అన్న మాట వినసొంపుగా తోచడం మొదలైంది. సూపర్‌మార్కెట్లో పాప నేల మీద పడి దొర్లి ఏడుస్తోందని నేను ఏడుపు మొహం పెడితే, దాని గొంతు పెరిగినకొద్దీ మీ గొంతు తగ్గించండి, ఇద్దరూ ఒకేసారి రెండేళ్ళ పిల్లలైపోతే ఎలా అంది. ఆ మాట ఆఫీసులో మా మేనేజరు మీద కూడా ప్రయోగించాను. అక్కడా పనిచేసింది.

మా ఇంట్లో అసలు రణరంగం అన్నం దగ్గర. పాప తినదు. తినదంటే పొట్టలోకి పోదని కాదు, తినిపిస్తేనే పోతుంది, తినిపించడం అంటే ఇంటిల్లిపాదికీ ఉద్యోగం. ఫోన్లో పాటలు పెట్టాలి, అవి పాతబడితే కొత్తవి వెతకాలి. కిటికీలోంచి కాకిని చూపించాలి. అదీ అయిపోతే చివరి అస్త్రం లిఫ్టు. అత్తయ్యగారు గిన్నె పట్టుకుని, నేను పాపని ఎత్తుకుని, కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ తిరిగేవాళ్ళం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నోరు తెరిచేది, అప్పుడు ముద్ద కుక్కాలి. మధ్యలో ఎక్కిన చైనా ఆంటీలు, "మకాన్ అలాట్ ఆ?" అని నవ్వేవారు. మకాన్ అంటే మలయ్‌లో తిండి, బాగా లాగిస్తోందా అని వాళ్ళ వేళాకోళం. మా గిన్నె చూసీ చూసీ ఒకావిడకి పప్పు వాసన అలవాటై, ఏ రోజైనా మేము కనపడకపోతే అడిగేది కూడా. అప్పుడు నవ్వులాటగానే ఉండేది. ముద్ద బుగ్గన పెట్టుకుని మింగకుండా కూర్చుంటే మాత్రం నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

అత్తయ్యగారు ఇక్కడ ఉండడానికి ఇచ్చిన పాసు గడువు దగ్గరపడింది. పాపని చైల్డ్‌కేర్‌లో వేశాం. కొన్నాళ్ళకి అక్కడి టీచరు నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మాయి ఏమీ తినడం లేదు అంది. ఏడవదట, అల్లరి చెయ్యదట. గిన్నె ముందు పెడితే బుద్ధిగా కూర్చుని నోరు తెరుస్తుందట. తెరుచుకునే కూర్చుంటుందట. మిగతా పిల్లలంతా తినేసి లేచిపోయినా అలాగే ఉంటుందట. ఆ మాట విన్నాక ట్రైనులో ఇంటికి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్న నా బిడ్డ తప్ప నాకేమీ కనపడలేదు. ఇంట్లో చెప్పగానే అత్తయ్యగారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "నాతో పంపించండి. స్కూలు వయసొచ్చిందాకా నేను తినిపించుకుంటాను. ఇక్కడ మాడబెట్టి చంపుతారా పిల్లని?" అన్నారు. ఇందులో వింతేమీ లేదు. మా ఆఫీసులో తెలుగువాళ్ళు చాలామంది పిల్లల్ని అలాగే అమ్మమ్మల దగ్గరికీ నానమ్మల దగ్గరికీ పంపించి, ఫోన్లో చూసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళే. మావారు టికెట్లు చూడడం మొదలుపెట్టారు. నేను పాప చిన్న చిన్న గౌన్లు మడతపెడుతూ, ఏదో ఒక గౌను మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాను. నాకు పంపించాలని లేదు. పంపించకపోతే అది ఏం తింటుందో తెలియదు.

ప్రయాణం ముందు ఒకసారి చూపిద్దామని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. సంగతంతా చెప్పాం. ఆవిడ తూకం వేసింది, గొంతు చూసింది, పొట్ట నొక్కింది, చేతిలో బిస్కెట్టు పెట్టి అది కొరకడం, నమలడం, మింగడం అన్నీ చూసింది. "ఒంట్లో ఏటీ లోపం నేదు. బరువు తగ్గిపోతన్నా, మింగనేకపోతన్నా అది ఏరే సంగతి, అప్పుడు నా కాడికి రావాల. ఈ గుంటకి అయ్యేటీ నేవు," అంది. తరవాత మా అత్తయ్యగారి వైపు తిరిగి, "అవ్వా, మీరెప్పుడు మకాన్ చేస్తారు?" అని అడిగింది.

"పాపకి పెట్టాక తింటాను. పిల్ల తినందే నాకు ముద్ద దిగుద్దా?" అన్నారు ఆవిడ.

"మరి అమ్మాయో?"

మావారూ అత్తయ్యగారూ తిన్నాక అన్నాను. మావారెప్పుడు తింటారంటే, ఆఫీసు నుంచి వచ్చాక, పాప పడుకున్నాక. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఈ గుంట మీ ఇంట్లో ఎవులూ తినడం సూడనేదన్నమాట. చెంచా రావడమొకటే సూసింది. తినడమంటే నోరు తెరవడమే అనుకుంటంది, పాపం."

ముందు పిల్లకి పెట్టి తరవాత మనం తినాలన్నది మా ఇళ్ళలో ప్రేమకి గుర్తు. దానికి ఇలాంటి కోణం ఒకటి ఉంటుందని ఏ జన్మలోనూ తట్టి ఉండేది కాదు. ఆవిడ మళ్ళీ అంది. "మీరు తినిపించినాను తినిపించినాను అంతారు. మా అవ్వకి ఆ మాటే తెల్దు. బువ్వెట్టినాను అనేది. ఎట్టడం మీది, తినడం దానిది. ఎట్టీసి ఊరుకోండి. దాని పక్కన కూకుని మీ బువ్వ మీరు తినండి. దాని ముకం కేసి సూడొద్దు, ఫోను వద్దు, లిఫ్టు వద్దు. తిననేదా, గిన్నె తీసీండి, మళ్ళీ ఏళకి ఎట్టండి. పెలాన్ పెలాన్." మలయ్‌లో అది నెమ్మది నెమ్మదిగా అనడం. తలుపు దాకా వచ్చి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని, "అవ్వా, మీ సేతి వంట మీద మీకు నమ్మకం నేదా?" అంది. ఆ ఒక్క మాటకి మా అత్తయ్యగారు పడిపోయారు. వంట విషయంలో ఆవిడని అలా కవ్వించినవాళ్ళు అప్పటిదాకా లేరు.

పాపని కొన్నాళ్ళు చైల్డ్‌కేర్‌కి పంపకుండా, నేను సెలవు పెట్టి, మొదలుపెట్టాం. నేల మీద చాప వేసి అందరం ఒకేసారి కూర్చోవడమే పెద్ద తంతు. మావారు ఆఫీసు నుంచి త్వరగా రావడం నేర్చుకున్నారు. పాప ముందు చిన్న కంచంలో పప్పన్నం, బెండకాయ వేపుడు పెట్టాం. అది అందరి మొహాలూ చూసి, నోరు తెరిచింది. ఎవరం కదలలేదు. నేను నా అన్నం వంక చూస్తూ కలుపుతూనే ఉన్నాను, ముద్ద మాత్రం ఎత్తలేకపోయాను. అది కొంతసేపు అలాగే ఉండి, ఏడిచి, లేచి వెళ్ళిపోయింది. రాత్రి మళ్ళీ అంతే. పాలు తాగి పడుకుంది. మర్నాడు కూడా అంతే. మూడో రోజు మధ్యాహ్నం అత్తయ్యగారు తన కంచంలోకి చూస్తూ కొంగుతో కళ్ళొత్తుకుంటూ తింటున్నారు. "రాక్షసులం," అని గొణుక్కుంటున్నారు. అప్పుడు పాప ఆవిడ పక్కకి జరిగి, ఆవిడ కంచంలోకి చెయ్యి పెట్టి, ఒక బెండకాయ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. కరకరమని నమిలింది. ఎంగిలి, ఎంగిలి అంటూ ఇల్లంతా హడలెత్తించే మనిషి మా అత్తయ్యగారు. ఆ రోజు ఊపిరి కూడా బిగబట్టి, కంచం పాప వైపు కాస్త జరిపారు. అది ఇంకో ముక్క తీసుకుంది. తరవాత తన కంచంలో అన్నం పిడికిట పట్టుకుని, సగం నోట్లోనూ సగం మెడలోనూ వేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. చూడొద్దన్నారు కాబట్టి కంచంలోకి చూస్తూనే ఏడ్చాను.

ఆ తరవాత ఏ రోజుకి ఆ రోజు పోరాటమే, ఒక్క బెండకాయ ముక్కతో పిల్లలు మారిపోరు. కాని చైల్డ్‌కేర్ టీచరు మళ్ళీ పిలిచి, ఈసారి చొక్కా నిండా సూప్ పోసుకుంది, ఇంకో జత బట్టలు పంపండి అంది. అంత మంచి ఫిర్యాదు నేను జీవితంలో వినలేదు. అత్తయ్యగారు ఒక్కరే విమానం ఎక్కారు. చాంగీలో లోపలికి వెళ్ళబోతూ పాపని ముద్దు పెట్టుకుని, నాతో మాత్రం, "పెట్టి ఊరుకో. ఎంట పడబాక," అన్నారు. తాను కనిపెట్టిన మందు తానే రాసిచ్చినట్టు ఉంది ఆవిడ ధోరణి. నేను మనసులోనే దండం పెట్టుకున్నాను, ఆవిడకీ డాక్టరమ్మకీ కలిపి. ఆ తరవాత చాలా ఏళ్ళకి, డాక్టరమ్మ ప్రాక్టీసు మానేశాక, చేపల మార్కెట్టులో ఒకసారి కనపడింది. పాప ఎలా ఉంది, ఏం చదువుతోంది అని అడుగుతుందనుకున్నాను. "ఇంతకీ నువ్వెప్పుడు తింతన్నావు?" అని అడిగింది. పిల్లల డాక్టర్లు తల్లుల్ని కూడా చూస్తారని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకి రుణపడ్డానని ఆ చేపల మధ్యే చెప్పేశాను. "పరవాయిల్లె," అని అరవంలో పరవాలేదనేసి, చెయ్యి ఊపి, పీతల దగ్గరికి బేరానికి వెళ్ళిపోయింది.

సరే, చెయ్యి విరిగిన ఆ సాయంత్రానికే వస్తాను. ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం అలవాటు లేక నేను సగం అన్నం బల్ల మీద పోసుకుంటుంటే, ఫోన్లో అత్తయ్యగారు కనపడ్డారు. చూడగానే మనవరాలి మీద లేచారు. "ఏమే, అమ్మకి నాలుగు ముద్దలు తినిపించలేవా?"

"పెట్టాను నానమ్మా. అంతే మన జాబ్. నువ్వే కదా చెప్పావ్," అంది మా అమ్మాయి. అత్తయ్యగారు పళ్ళు లేని నోటితో పకపకా నవ్వారు. మా అమ్మాయి బల్ల మీద మెతుకుల వంక చూడలేదు, నా మొహం వంకా చూడలేదు. కాని దాని కంచం ఎప్పుడో ఖాళీ అయిపోయింది. అయినా లేవకుండా, ఖాళీ కంచంలో వేలు తిప్పుతూ, నేను చివరి చెంచా మింగేదాకా కూర్చునే ఉంది. ఒకప్పుడు ఊపిరి బిగబట్టి నేను దాని ముందు కూర్చున్నది ఇలాగే. కాలం ఆ కంచాన్ని ఎప్పుడు నా వైపుకి జరిపిందో నేను చూడనేలేదు.