పసుపు మందు అడిగిన టీచర్ గారు

తార్నాకలో నేను అద్దెకున్న గది మేడ మీద. కింద ఇంటివాళ్లు ఉండేవారు. ఇంటావిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు, భర్త చర్చి పనులు చూసుకునేవారు. ఇద్దరిదీ గోదావరి జిల్లా. యూనివర్సిటీలో నేను చేస్తున్న పరిశోధన ఏమిటని గదిలో దిగిన రోజే అడిగారామె. పసుపులోని ఒక పదార్థాన్ని కంటికి కనపడనంత చిన్న కొవ్వు రేణువుల్లో దాచి, క్యాన్సర్ గడ్డ దాకా చేర్చాలని చూస్తున్నామని చెప్పాను.

"పసుపా! చిన్నప్పుడు దెబ్బ తగిలితే మా అమ్మ అదే అద్దేది" అని నవ్వారు. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు.

మరుసటి వేసవిలో ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెట్టారు. జుట్టు రాలిపోయింది. అన్నం వాసనే పడేది కాదు. పక్కింట్లో ఎవరో పోపు వేస్తే పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేవారు. నేను మెట్లు దిగేటప్పుడు తలూపి వెళ్లేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆమె ఆటోలో ఒంటరిగా మా ల్యాబుకు వచ్చారు. తలకు గుడ్డ, మొహానికి మాస్కు. కుర్చీ వేశాను.

"నీ మందు చూపించు అమ్మాయ్."

చిన్న సీసా తెచ్చి చూపించాను. లోపల నారింజ రంగు ద్రవం. ఆమె దాన్ని వెలుతురుకెదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"దీంతో క్యాన్సర్ కణాలు చచ్చిపోతున్నాయన్నావుగా?"

"గిన్నెల పెంచిన కణాలు టీచర్ గారూ. మనుషుల సంగతి తెల్వదు. ఎలుకలకు కూడ ఇంక ఇయ్యలే."

"నాకివ్వు. మా ఆయనకు కూడా చెప్పను. ఏమైనా అయితే నిన్నెవరూ అడగరు."

ఆమె గొంతులో బతిమాలుకోవడం లేదు. క్లాసులో పిల్లల్ని పుస్తకం తియ్యమన్నంత మామూలుగా అడిగారు.

"ఇయ్యలేను. అది ఒంట్లకు పోతే ఏం చేస్తదో నాకే తెల్వదు. గిన్నెల కణాలను సబ్బు నీళ్లు కూడ చంపుతయి."

ఆమె సీసా బల్ల మీద పెట్టి లేచారు. గేటు దాకా వెంట వెళ్లాను. ఆటో ఎక్కేదాకా నావైపు చూడలేదు.

ఆ వారం కీమోకు ఆమె వెళ్లలేదని ఆమె భర్తే చెప్పారు. మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఎవరో చెప్పారని పసుపు బిళ్లలు తెప్పించుకుంటోందమ్మా. డాక్టర్లు కీమో మందు మారుస్తామన్నారు, కొత్తది ఇంకా ఘాటుగా ఉంటుందని భయపడుతోంది. నా మాట వినదు. నువ్వైనా చెప్పు" అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కొత్త మందు పేరేమిటని అడిగాను. ఆయన జేబులోంచి చీటీ తీశారు. పేరు చదివి నేరుగా లోపలికి వెళ్లాను. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"టీచర్ గారూ, మీకు ఎక్కిస్తమన్న మందు కూడ చెట్టుదే."

ఆమె దుప్పటి భుజం మీదికి లాక్కున్నారు.

"చలి కొండలల్ల పెరిగే చెట్టు. దాని బెరడుల దొరికింది మొదాలు. అది కూడ నీళ్లల్ల కరగదు. దాన్ని ఒంట్లకు పంపనీకె ఎంతోమంది ఎన్నో ఏండ్లు తిప్పలు పడ్డరు. మేం పసుపుతోని ఇప్పుడు పడుతున్నది అదే తిప్పల. కానీ అది మనుషులల్ల పనిచేసింది. నాది చెయ్యలే."

ఆమె నెమ్మదిగా ఇటు తిరిగారు. "నన్ను ఒప్పించడానికి చెప్తున్నావా?"

"మీకు అబద్ధం చెప్తనా?"

ఫోనులో ఆ చెట్టు బొమ్మ చూపించాను. బెరడు ఒలిచిన చోట ఎర్రగా ఉంది. ఫోను తిరిగి నా చేతికిచ్చి, "నువ్వూ వస్తావా ఆస్పత్రికి?" అని అడిగారు.

వెళ్లాను. సెలైన్ సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. వరసగా అన్ని విడతలూ పూర్తి చేశారు. గడ్డ చిన్నదైంది, ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పటికి పరీక్షల్లో ఏమీ కనపడలేదంటున్నారు. కానీ ఆ మందు ఆమె వేళ్ల కొసల్లో స్పర్శ తీసుకుపోయింది. జాకెట్ హుక్కులు ఆయన పెడతారు. వేడి గ్లాసు పట్టుకుంటే కాలినట్టు తెలియదు. చెట్టుదని నేను చెప్పినందుకే ఆమె దాన్ని ఘాటు లేని మందనుకున్నారేమో, నేనెప్పుడూ అడగలేదు.

మా ఎలుకల పని కూడా మొదలైంది. రేణువుల్లో చాలావరకు గడ్డను చేరకుండా కాలేయంలోనే ఆగిపోతున్నాయి. ఆమె అడిగినప్పుడల్లా అదే చెప్పాను.

మొన్న లాలాపేట్ నుంచి ఒకావిడ గేటు దగ్గరకు వచ్చింది. చేతిలో స్కానింగు కవరు. "గీడ పసుపుతోని క్యాన్సర్ మందు చేసే మేడం ఉంటదంట గదా?" అంది. నేను మెట్ల మీద ఉన్నాను. నేను నోరు తెరిచేలోపే టీచర్ గారు గేటు తీసుకుని బయటికి వెళ్లారు.

"ఆ అమ్మాయి దగ్గర మందు లేదమ్మా. డాక్టరు ఏం చెప్పాడో ముందు అది చెప్పు, కూర్చో."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. టీచర్ గారు చెప్పింది నిజమే. అయినా ఆ వచ్చినావిడ తలెత్తి నావైపు ఇంకా ఆశగా చూసిన చూపు ముందు నేను కిందికి దిగలేకపోయాను.