తడారిన రాయి

కాలేజీలో ఆవిడను అందరూ రాతి టీచర్ అనేవారు. గుండె రాయని కాదు సుమా, మనిషి వెన్న. రాతి మీద జిడ్డుతో బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే పాత విద్య నేర్పేది, అందుకని ఆ పేరు. "నేనూ రాయినై పుడితే రోజుకోసారైనా నిమిరేదానివి," అనేవాడు మొగుడు. "ఇప్పుడు మాత్రం తక్కువా, ఉలకవు పలకవు," అనేది ఆవిడ.

మూతపడిన అచ్చాఫీసులో దొరికిన ఒక రాయి మీద ఆవిడ ప్రాణాలన్నీ పెట్టుకుంది. పేరు తెలియని పనివాడెవరో దాని మీద మబ్బుపట్టిన ఆకాశం గీశాడు. ఒక్క గీత లేదు, అంతా చుక్కలే. ఆ చుక్కలు ఎలా పెట్టాడో ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ వేరే రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పెట్టి చూసింది. మబ్బు రాలేదు, మసి వచ్చింది. ఆ పాత రాయి మీద బొమ్మ నీడలా ఉండేదంతే. ఒక్క మంచి అచ్చు తీస్తే, భూతద్దం పెట్టి ఆ పనితనం పట్టుకోవచ్చు, నలుగురికీ నేర్పవచ్చు. అదొక్కటే ఆవిడ ఆశ.

అచ్చు తీసే రోజున ప్రిన్సిపాల్ కూడా చూడ్డానికి వచ్చాడు. తరగతిలో మిగిలిన ఒకే ఒక్క విద్యార్థిని, దర్జీ కూతురు, తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. రాయిని తడుపుతూ ఉండడమే ఆ పిల్ల పని.

ఆవిడ రోలరుకు సిరా పట్టిస్తుంటే ప్రిన్సిపాల్ అడిగాడు. "అవునూ, రాయంతా నునుపుగానే ఉంది కదా. సిరా బొమ్మకే ఎలా అంటుతుందండీ?"

ఇన్నేళ్ళలో ఎవరైనా మనసుపెట్టి అడిగిన మొదటి ప్రశ్న అది! ఆవిడకు పట్టపగ్గాలు లేకపోయాయి. జిడ్డుకూ నీటికీ ఉన్న వైరం చెప్పింది, తడి ఉన్నచోట సిరా ఎందుకు నిలవదో చెప్పింది, ఆ పనివాడి గొప్పతనం చెప్పింది. ఆయన ఊఁ కొడుతున్నాడు. దర్జీ కూతురు నోరు తెరుచుకుని వింటోంది. అదే ఊపులో ఆవిడ రోలరు ఎత్తి రాయి మీద దొర్లించింది.

రాయి ఎప్పుడో ఆరిపోయింది.

"అయ్యో, నీళ్ళేవే! నీళ్ళు!" అని అరిచింది ఆవిడ.

చేతులు కాలాక ఆకులు. సిరా రాయంతా కరుచుకుంది. ఇద్దరూ కడిగారు, తుడిచారు, మళ్ళీ కడిగారు. కొత్త రాయైతే దారికొచ్చేదేమో. ఇది పాత ప్రాణం. చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తీసిన కాగితం నల్లటి పెనంలా వచ్చింది. దర్జీ కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. "నీ తప్పేం లేదులేవే, నా నోరే," అంది టీచర్.

ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు. మనిషి మంచివాడే.

"పోనీలెండి టీచర్. అసలు ఇంత బాగుంటుందని నాకు తెలీదు. వచ్చే ఏడు తరగతి నిండా పిల్లల్ని చేరుస్తాను. ఇప్పుడు నాకు చెప్పారే, వాళ్ళకీ అలాగే చెప్పండి."

ఆవిడ సిరా చేతులు చీరకు తుడుచుకుంది.

"చెప్తానండీ," అంది. "చూపించడానికే ఏం లేదు."