తుడిచిన రోబో

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. గ్యారేజీ గోడమీది థర్మామీటరులో తొంభైమూడు డిగ్రీల ఫారన్‌హీట్. నమూనా బొమ్మల పోటీ జరిగే హాలు అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లోని మా ఇంటికి ఇరవైరెండు మైళ్లు. శనివారం ట్రాఫిక్‌లో ముప్పైఒక్క నిమిషాల ప్రయాణం. నమోదు మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది. మా రోబో ఎత్తు పద్దెనిమిది సెంటీమీటర్లు: కథలో పద్దెనిమిది మీటర్లుండే యుద్ధయంత్రానికి నూరోవంతు నమూనా. కారు దిగుతూ నేను మనసులో వేసుకున్న లెక్కలివి. అన్నీ సరైనవే, ఒక్కటీ పనికిరాలేదు.

ఆ రోబో నాదీ, నా సహోద్యోగిదీ. అతనిది వరంగల్. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడు కనుక నన్ను అన్నా అనీ, నా భార్యను వదినా అనీ పిలిచేవాడు. ఇద్దరం ఒకే కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో, మా మాటలో ఫ్యాబ్‌లో, కొలతల విభాగంలో పనిచేశాం. ఆగస్టులో కంపెనీ ఆ విభాగాన్ని సగానికి తగ్గించినప్పుడు ఉంచుకున్న సగంలో నేనున్నాను, పంపేసిన సగంలో అతనున్నాడు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మరొకటి చూసుకోవడానికి అరవై రోజుల గడువు. ఆ గడువులో ఉద్యోగం దొరకలేదు. అతని విమానం మంగళవారం. అద్దె ఇల్లు ఖాళీ చేసి చివరి వారం మా ఇంట్లోనే ఉన్నాడు.

మూడేళ్ల కిందట ఆ జపనీస్ యానిమేషన్ సీరియల్‌ను నాకు చూపించింది అతనే. నలభై ఏళ్లు దాటిన పాత సీరియల్. పిల్లల వ్యవహారమనుకుని కాఫీ కప్పుతో కూర్చున్నాను. అంతరిక్షంలో యుద్ధం మొదలై మానవజాతిలో సగం నశించిందన్న సంగతి మొదటి నిమిషంలోనే చెప్పేసి కథలోకి వెళ్లారు. కాఫీ చల్లారిపోయింది. అంతవరకు నేనెరిగిన రోబోలకు అలుపు లేదు, ఒంటిమీద గీత పడదు. ఇందులోవి ఫ్యాక్టరీలో తయారయ్యే యంత్రాలు. ఇంధనం అయిపోయి, విడిభాగాలు దొరక్క నడిమధ్యలో ఆగిపోతాయి. వాటిలో కూర్చుని నడిపేది మీసాలు రాని కుర్రాళ్లు. గురిచూసి కాల్చిన అవతలి యంత్రంలోనూ అలాంటి కుర్రాడే ఉంటాడు. తర్వాత వచ్చిన రోబో కథలన్నిటికీ ఇదే పునాది అని అతను అంటే, మొత్తం చూశాక నేను ఒప్పుకున్నాను.

నమూనా తయారీలో పనిని పంచుకున్నాం. భాగాలు కోయడం, అతుకులు నునుపు చేయడం, కీళ్లు సరిగ్గా తిరిగేలా అమర్చడం నా వంతు. దాన్ని యుద్ధం చేసి వచ్చినదానిలా పాతబరచడం అతని వంతు. తెల్లటి లాకర్ రంగు మీద మెరుపులేని వార్నిష్ పూత పూసి, దానిమీద సన్నని కుంచెతో మసి, నూనె, తుప్పు, గీతలు వేసేవాడు. మరక ఎక్కడ పడాలన్నా దానికొక కారణం ఉండాలని అతని నియమం. మోకాలి దగ్గర సీలు అరిగింది కనుక అక్కడ నూనె కారుతుంది. నడిపే కుర్రాడు కుడిచేతి వాటం కనుక కుడి మోచేయి ఎక్కువ గీసుకుపోతుంది. నాలుగు నెలలు ఆదివారాలన్నీ దానికే వెచ్చించాడు. ఉద్యోగం పోయాక సాయంత్రాలు కూడా. ఇంటర్వ్యూల ఫలితం తన చేతిలో లేదనీ, ఇది మాత్రం ఉందనీ ఒకసారి అన్నాడు. ఈ దేశం విడిచేలోగా ఒక్క పనైనా పూర్తిచేసి, ఆ పని తెలిసినవాళ్ల కళ్లముందు పెట్టాలన్నది అతని పట్టుదల. అందుకు మిగిలింది ఆ శనివారం ఒక్కటే.

నా భార్యది మరో కర్మాగారంలో క్లీన్‌రూమ్ ఉద్యోగం. కంటికి కనిపించని ధూళికణం వల్ల చిప్పు పాడవకుండా చూడటం ఆమె పని. పండుగ ఏ వారం వచ్చినా మా ఇంట్లో ఆయుధపూజ శనివారమే జరుగుతుంది. ముందుగా పనిముట్లన్నీ శుభ్రం కావాలి. ఆ ఉదయం అతని కారును కొనుక్కున్నవాళ్లకు అప్పగించడానికి నేనూ అతనూ పక్క ఊరు గిల్బర్ట్ వెళ్లాం. ఆ గంటలో ఆమె ల్యాప్‌టాప్‌లు, డ్రిల్లు, ప్రెషర్ కుక్కరు, తన కారు తాళాలు తుడిచి అమ్మవారి పటం ముందు వరసగా పేర్చింది.

తలుపు తీయగానే అగరబత్తి వాసనలో కలిసి, తుడవడానికి వాడే ఐపీఏ అనే ఆల్కహాల్ వాసన వచ్చింది. ఆ వాసన మా వృత్తిలో రోజూ ఉండేదే కనుక ఒక క్షణం దాని అర్థం తట్టలేదు. తర్వాత పటం ముందు, కుక్కరు పక్కన, రోబో కనిపించింది. అప్పుడే అచ్చులోంచి తీసినట్టు తెల్లగా ఉంది. మసి లేదు, నూనె లేదు, భుజాలమీది నంబర్లు లేవు. ఛాతీ మీద కుంకుమ బొట్టు ఉంది. చూసింది తప్పేమోనని గ్యారేజీలోకి వెళ్లి అట్టపెట్టె ఎత్తి చూశాను. పెట్టె కింద ఏమీ లేదు.

పూర్తయ్యాకే చూపిస్తామని నాలుగు నెలలూ దాన్ని ఆ పెట్టె కింద దాచింది మేమే. ఆమె దాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఎంత మురికి పట్టిందో చూశారా? కాంటెస్ట్‌కి అలా ఎలా తీసుకెళ్తారు?" అంది సంతోషంగా. "ఐపీఏతో మొత్తం క్లీన్ చేశాను. అమ్మవారి దగ్గర పెట్టి తీసుకెళ్తే ప్రైజ్ మీదే."

అతను ముందుకు వెళ్లి, ల్యాబులో సిలికాన్ పలకను పరీక్షించేటప్పుడు వంగినట్టే వంగి, రోబోను వెలుతురులో ఒక పక్కకు, మరో పక్కకు వంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఫ్యాబ్‌ల నేను గింత నీట్‌గ తుడిచుంటే నా జాబ్ పోయేది గాదేమో వదినా."

ఆమె నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది. జరిగిందేమిటో నేను రెండు వాక్యాల్లో చెప్పాను. ఆమె చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టి, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"అది మురికి కాదా? నువ్వు వేసిందా?"

"మురికే వదినా. నేనే వేసిన."

నేను గడియారం చూశాను. వార్నిష్ ఆరడానికి ఒక రాత్రి, దానిమీద వేసే రంగుకు మరో రాత్రి కావాలి. మాకున్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. పోనీ ఉన్నదున్నట్టుగా పోటీలో పెడదామని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడిది నాది గాదన్నా. నువ్వు అతికించినవ్, వదిన తుడిచింది. నాదేమున్నది దీంట్ల?"

తుడిచిన గుడ్డలు పారేశారా అని అతను ఆమెను అడిగాడు. పారేయలేదు. వాడిన గుడ్డను మురికి లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టి జిప్ సంచిలో వేయడం ఆమెకు ఉద్యోగంలో అలవాటు. ఆ మురికి ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చూడాలి కదా. సంచిలో తొమ్మిది గుడ్డలున్నాయి. అతను వాటిని భోజనాల బల్లమీద ఒక్కొక్కటిగా విప్పి పరిచాడు. ఎప్పుడూ ఒకే దిశలో తుడిచే మనిషి కనుక మరకలు చెదరకుండా చారలుగా దిగాయి. ఇది మోకాలి నూనె, ఇది వీపుమీది మసి అని అతను చూపిస్తుంటే మేమిద్దరం వంగి చూశాం.

ఏడో గుడ్డ దగ్గర ఆమె వేలు పెట్టింది. "ఇది మాత్రం ఎంతకీ పోలేదు. గ్యారేజీలో ఆ ఇనప షెల్ఫ్ తుప్పు అంటుకుందనుకుని గట్టిగా రుద్దాను."

అతను తలెత్తాడు. "తుప్పనుకున్నరా?"

"తుప్పే అనుకున్నాను."

"నిజంగనా వదినా?"

ఆమె అవునంది. పదిహేనేళ్లుగా మరకలు చూసి అవేమిటో చెప్పడమే ఆమె ఉద్యోగం. అతను ఆ గుడ్డను మళ్లీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. ఆగస్టు తర్వాత అతని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. అది చూడటం తుడిచిన రోబోను చూడటంకన్నా కష్టమైంది.

పూజ ఆపేద్దామని ఆమె అంటే అతనే వద్దన్నాడు. కుక్కరుకూ, కారు తాళాలకూ, రోబోకూ కలిపి ఒకే హారతి ఇచ్చాం. పులిహోర తింటుండగా పన్నెండు దాటింది. ఎవరూ గడియారం వైపు చూడలేదు. మంగళవారం విమానాశ్రయంలో, సామాను బరువు పెరగకుండా అతను రోబోను మా దగ్గరే వదిలి, జిప్ సంచిని చేతిసంచిలో పెట్టుకున్నాడు.

ఉన్న లెక్క ఇది. నాలుగు నెలల ఆదివారాలు, రెండు నెలల సాయంత్రాలు పోయాయి. నమోదుకు ముందే కట్టిన ఇరవై డాలర్లు తిరిగి రాలేదు. భుజాల నంబర్లు రెండూ పోయాయి. ఆల్కహాల్ ఆరకముందే పెట్టిన కుంకుమ రంగులోకి దిగింది, పోలేదు. కారు అడిగిన ధరకన్నా తక్కువకు పోయింది. ఉద్యోగం ఒకటి, వీసా ఒకటి పోయాయి. తొమ్మిది గుడ్డలు వరంగల్‌లో ఉన్నాయి. రోబో మా హాలులో ఉంది. దాన్ని మళ్లీ పాతబరచడం నాకు చేతకాదు.