చూపు పట్టే మిషను

డెబ్బైల్లో, నా భర్త పోయిన ఏడాది, చోడవరం దగ్గర గానుగలో బెల్లం పాకం కలిపేదాన్ని. పాకం ముదిరిందని కంటితో ఎలా పోల్చుకుంటానో కనిపెట్టాలని విశాఖపట్నం నుంచి చదువుకున్నవాళ్లు వచ్చి నా తలకు ఒక మిషను తగిలించారు. నేనెటు చూస్తే అటు వాళ్లు తెచ్చిన టీవీలో తెల్లచుక్క పడుతుందట!

అది దిష్టి పట్టే మిషననుకుంది పక్కింటి పైడమ్మ. చంటిబిడ్డతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఈ ముండమోపి సూపు నా గుంటడి మీద పడితే సెప్పండి. ఆసామీ, రేపట్నుంచి దీన్ని పనిలోకి రానివ్వొద్దు!"

బిడ్డ కిలకిలా నవ్వుతుంటే చూడాలని ప్రాణం లాగింది. చూడలేదు.

పాకం దించాం. టీవీ చూస్తున్న గానుగ ఆసామి కేకేశాడు. "సూసేవేటే పైడీ? సుక్క పాకాన్నొదిలి కదల్లేదు!"

పైడమ్మ గబగబా వచ్చి బిడ్డను నా ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు సూడొసే, తనివితీరా సూడు!"

భర్త పోయాక నన్ను నమ్మి ఒకరు బిడ్డనివ్వడం అదే మొదలు.