పేరు పక్కన తాళం

చార్మినార్ కాడ బస్సెక్కితే పక్క సీట్ల ఒక పెద్దమనిషి ఉండె. నా ఒళ్లో ల్యాప్‌టాప్ చూసి ఏం పని అని అడిగిండు. దుకాణాలకు వెబ్‌సైట్లు పెడ్తనని చెప్పంగనే తన ఫోన్ నా ముందు పెట్టిండు. లాడ్ బజార్‌ల ఆయనది లక్క గాజుల దుకాణం. వెబ్‌సైట్‌కు హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన బారెడు అడ్రస్ తీసేసి, దుకాణం పేరునే అడ్రస్ చేసిండంట కొడుకు.

"పేరు మంచిగుంది బేటా. పక్కన గీ తాళం బొమ్మ ఏంది? దుకాణం బంద్ అనుకొని వచ్చినోళ్లు వాపస్ పోతరు. తీసెయ్‌రా అంటె మా వాడు నవ్వుతుండు."

"బంద్ అని కాదు చాచా. కొనేటోళ్లు మీకు రాసేది నడుమల ఎవ్వరు చదవకుంట ఆ తాళం" అని చెప్పిన.

ఆయన ఫోన్ జేబుల ఏస్కొని లేచిండు.

"తాళం బయట ఏస్తరు, ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు. లోపల మనిషి ఉంటె గడియ పెడ్తరు" అని, హుస్సేనీ ఆలంల దిగిపోయిండు.

ఈ మధ్య బ్రౌజర్ అప్‌డేట్ అయినంక నా ఫోన్‌ల ఆ తాళం గుర్తే పోయింది. కనెక్షన్ గట్లనే భద్రంగ ఉంది. నేను పెట్టే ప్రతి సైట్‌ల పేరు కింద ఒక లైన్ మాత్రం రాస్తనే ఉన్న: దుకాణం తెరిచే ఉంది.